ఇంకా రాని కంప్యూటరుకు బయానా



ఈ నెల శీర్షికకు విషయాన్ని అందించింది కోరుట్లలోని ఒక తల్లి. ఆమె భర్త చాలా ఏళ్లుగా దుబాయిలో పనిచేస్తున్నారు. కుమారుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. "మౌలానా సాబ్, పిల్లగాడు ఒక కంప్యూటరు కావాలంటున్నడు. మామూలుది కాదంట. కృత్రిమ మేధ చదువుకు అదే ఉండాలంట. ఇంకా బజారుకు రాలేదు, ఇరవై వేలు బయానా ఇస్తే పేరు రాసుకుంటమని దుకాణం ఆయన అంటున్నడంట. వాళ్ల అబ్బా పంపుతనంటున్నరు. ఇయ్యాల్నా, వద్దా?" అని ఆమె అడిగించారు.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఉంది. సిరిసిల్లలో 2021లో మరొకటి ప్రారంభమైంది. మన మక్తబ్‌లో అలిఫ్ బే దిద్దిన పిల్లలు ఈ రెండు చోట్లా చదువుతున్నారు. అల్‌హమ్దులిల్లాహ్, సంతోషమే. వారి చేతి ఫోన్లలోకి ప్రతి వారం ఒక కొత్త యంత్రం వార్త వస్తుంది: ఇంత జ్ఞాపకశక్తి, ఇంత వేగం, ఇంత ధర ఉండవచ్చునట. ఆ 'ఉండవచ్చునట' అన్న మాట ఇంటికి చేరేసరికి 'ఉంది' అవుతుంది. తండ్రికి ఫోనులో చెప్పేసరికి 'వెంటనే కావాలి' అవుతుంది.

ఇటువంటి వార్తల మీద ఎంత నమ్మకం ఉంచవచ్చునో తెలుసుకోవటానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి చేతిలోనే ఉంది. 2025 జనవరి 6న అమెరికాలోని లాస్ వేగాస్ ప్రదర్శనలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ అరచేతిలో పట్టేంత బంగారు రంగు పెట్టెను చూపించారు. పేరు ప్రాజెక్ట్ డిజిట్స్. ధర 3,000 డాలర్ల నుండి, రాక మే నెలలో అన్నారు. మార్చిలో పేరు డీజీఎక్స్ స్పార్క్ అయింది. మే గడిచింది, వేసవి గడిచింది. చివరికి అక్టోబరు 15న అమ్మకానికి వచ్చినప్పుడు ఎన్‌విడియా సొంత పెట్టె ధర 3,999 డాలర్లు. నిల్వ స్థలం తక్కువగా ఉన్న నమూనాను మాత్రం ఏసస్ వంటి సంస్థలు మొదట చెప్పిన ధరకు దగ్గరగా ప్రకటించాయి. తయారుచేసే సంస్థ స్వయంగా వేదిక మీద చెప్పిన మాటే తొమ్మిది నెలల్లో ఇంత కదిలింది. సంస్థ నోరు విప్పకముందే ఊహించి చెప్పేవారి అంకెల సంగతి పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఇందులో మోసం ఉందని నేననటం లేదు. 'నుండి' అన్న పదంలోనే అసలు కిటుకు ఉంది. 2019 జూన్‌లో యాపిల్ సంస్థ మాక్ ప్రో అనే వర్క్‌స్టేషన్‌ను ప్రకటించినప్పుడు ధర 5,999 డాలర్ల నుండి అన్నది. ఆ డిసెంబరులో అమ్మకాలు మొదలయ్యాక అన్ని హంగులూ ఎంచుకుంటే లెక్క 52,000 డాలర్లు దాటింది. పెట్టె కింద బిగించే నాలుగు చక్రాలకే 400 డాలర్లు! మన పెళ్లి మంటపాల వాళ్లు 'ప్లేటు ఇంత నుండి' అని రాసినట్టే ఇది కూడా.

ఇక యంత్రం గుణగణాల విషయం. పిల్లలు ఉత్సాహంగా చదివి వినిపించే అంకెలను పెద్దవారు అర్థం చేసుకోలేరని అనుకోనక్కరలేదు. సిరిసిల్లలో మరమగ్గం నడిపే సోదరుడికి ఇవి ఇంకా తేలిక. ఆయన పాత మగ్గం కొనేటప్పుడు పన్నా ఎంత, నిమిషానికి ఎన్ని పిక్కులు, ఏ నూలు పడుతుంది అని అడుగుతాడు. వేగం ఒక్కటే అడిగి డబ్బు చెల్లించడు. కండెలు సకాలంలో అందకపోతే ఎంత వేగమైన మగ్గమైనా ఆగి నిలబడుతుందని ఆయనకు తెలుసు. కంప్యూటరులో లెక్కలు చేసే చిప్ మగ్గమైతే, జ్ఞాపకశక్తి కండెల బుట్ట. బుట్ట నుంచి మగ్గానికి కండెలు అందే వేగం మూడో అంకె. ప్రచారంలో మొదటి రెండూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, మూడోది అడుగున ఎక్కడో ఉంటుంది.

స్పార్క్ పెట్టెనే తీసుకోండి. దాని బుట్ట చాలా పెద్దది, 128 గిగాబైట్లు. అందువల్ల 20,000 కోట్ల అంకెలతో తయారైన భాషా నమూనా కూడా, ఒక్కో అంకెను నాలుగు బిట్లకు కుదిస్తే, సుమారు 100 గిగాబైట్లతో అందులో ఇముడుతుంది. ఇంతటి పెట్టె పదిహేను సెంటీమీటర్ల పొడవు వెడల్పుల్లో, 240 వాట్ల కరెంటుతో పనిచేయటం నిజంగా గొప్ప విషయమే. కానీ కండెలు అందే వేగం సెకనుకు 273 గిగాబైట్లు. అదే సంస్థ 2025 జనవరిలో 1,999 డాలర్లకు ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డులో ఆ వేగం 1,792 గిగాబైట్లు, అంటే ఆరున్నర రెట్లు. దాని బుట్ట మాత్రం 32 గిగాబైట్లే. పైగా ఆ కార్డు ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. మే నెలలో జగిత్యాల ఎండకు రేకుల గదిలో అది నడుస్తుంటే పిల్లవాడు బయట కూర్చోవలసిందే.

'ఒక పెటాఫ్లాప్' అన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలని దాని అర్థం. అయితే అవి నాలుగు బిట్ల అతి చిన్న సంఖ్యలతో, అందులోనూ సున్నాలను దాటవేసే ప్రత్యేక పద్ధతిలో చేసే లెక్కలు. అన్ని పనులకూ ఆ వేగం దొరకదు. పిక్కుల సంఖ్య ఖాళీ మగ్గం మీద లెక్కపెట్టి చెప్పినట్టన్నమాట.

అన్నింటికంటె ముఖ్యమైనది, ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఈ పెట్టెలో విండోస్ ఉండదు. లైనక్స్ ఆధారంగా సంస్థ తయారుచేసిన వ్యవస్థ ఉంటుంది. లోపలి చిప్ కూడా మనకు అలవాటైన ఇంటెల్ రకం కాదు, ఆర్మ్ రకం. ఉర్దూ కూర్చే ఇన్‌పేజ్, పెళ్లి కార్డులు చేసే ఫోటోషాప్, వీడియోలు కత్తిరించే ప్రీమియర్ దీని మీద మామూలుగా నడిచేవి కావు. "చదువు అయ్యాక దుకాణం పెట్టుకుని డిజైనింగ్ కూడా చేస్తాను అబ్బా" అని కొడుకు దుబాయికి ఫోనులో చెబుతుంటే, ఆ మాటకూ ఈ యంత్రానికీ సంబంధం లేదని ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి.

ధర దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి గల్ఫ్‌కు వెళ్లని వాడ లేదు. 'దుబాయిలో కొంటే చవక' అన్నది మన ఇళ్లలో చర్చకు రాని సత్యం. ఈ విషయంలో కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

3,999 డాలర్లు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయల చుట్టూ ఉండేది. అంటే సుమారు రూ.3,60,000. కంప్యూటర్ల మీద మన దేశంలో మూల దిగుమతి సుంకం లేదు, 18 శాతం జి.ఎస్.టి. ఉంది. కలిపితే రూ.4,25,000 దాకా వస్తుంది. విక్రేత లాభం, రవాణా వేరు. డాలర్ల ధరను రూపాయల్లోకి మార్చి పద్దెనిమిది శాతం కలపటం అన్న ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. పైన చెప్పిన మాక్ ప్రో మన దేశంలో రూ.4,99,900 నుండి మొదలైంది. ఆనాటి డాలరు విలువతో వేసి చూడండి, ఇంచుమించు అంతే వస్తుంది.

ఇప్పుడు దుబాయి లెక్క. డాలరుకు 3.6725 దిర్హామ్‌ల చొప్పున 14,686 దిర్హామ్‌లు. అక్కడి 5 శాతం వ్యాట్ కలిపితే సుమారు 15,420. ఆ వ్యాట్‌ను విమానాశ్రయంలో తిరిగి ఇచ్చేది విహారయాత్రకు వచ్చినవారికి, అక్కడ నివాస అనుమతితో పనిచేసేవారికి కాదు. మన రూపాయల్లో రూ.3,78,000. ఇంతవరకు చవకే. ఇక హైదరాబాదు విమానాశ్రయంలో దిగాలి. 2016 నాటి బ్యాగేజీ నియమాల ప్రకారం 2025లో గల్ఫ్ నుంచి వచ్చేవారికి రూ.50,000 విలువ వరకే మినహాయింపు ఉండేది. ఆపైన విలువకు 38.5 శాతం సుంకం ఉండేది. అంటే మరో రూ.1,26,000. మొత్తం రూ.5,00,000 దాటింది! ఇక్కడ బిల్లుతో కొన్నదానికంటె దాదాపు ఎనభై వేలు ఎక్కువ.

'కంప్యూటరుకు సుంకం లేదు కదా, మా బావ తెచ్చాడు' అని కొందరంటారు. వారి బావ తెచ్చింది ల్యాప్‌టాప్. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకోవటానికి ప్రత్యేక మినహాయింపు ఉంది. బల్ల మీద పెట్టే పెట్టెకు లేదు. భార్యాభర్తలు కలిసి వచ్చినా ఇద్దరి మినహాయింపులను కలిపి ఒకే వస్తువుకు వాడుకోవటం కూడా ఆ నియమాల ప్రకారం కుదిరేది కాదు. సుంకం కట్టకుండా బట్టల మధ్య చుట్టి తెస్తే సరిపోతుందన్న సలహా ఇచ్చేవారున్నారు. సుంకం ఎగవేయటం నేరం. పట్టుబడితే వస్తువు పోతుంది, జరిమానా పడుతుంది, తిరిగి వెళ్లే ప్రయాణానికి ఆటంకం రావచ్చు. నెలకు పన్నెండు వందల దిర్హామ్‌లు సంపాదించే మనిషికి ఆ పెట్టె ఖరీదే దాదాపు పదమూడు నెలల జీతం. అందులో తిండి ఖర్చు కూడా తీయలేదు.

ఈ లెక్క చూపాక ఒక పూర్వ విద్యార్థి నాతో, "హజ్రత్, స్పార్క్ పాతబడింది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది దాని అన్న గురించి, తమ్ముడి గురించి" అన్నాడు. అన్న అంటే డీజీఎక్స్ స్టేషన్. 2025 మార్చిలో ప్రకటించారు. జ్ఞాపకశక్తి 700 గిగాబైట్లకు పైగా, వేగం స్పార్క్‌కు ఇరవై రెట్లని చెబుతున్నారు. ఎన్‌విడియా 2025లో దానికి ధర ప్రకటించలేదు. కనుక అప్పట్లో లక్షల్లో చెలామణి అయిన అంకెలన్నీ ఊహలే. అది మన ఇళ్లకు సంబంధించిన వస్తువు కానే కాదు, ప్రయోగశాలలది. తమ్ముడు అంటే స్పార్క్‌లోని చిప్‌నే పెట్టిన ల్యాప్‌టాప్. అది విండోస్‌తో వస్తుందని 2025లో వదంతి ఉండేది. నిజంగా వస్తే పైన చెప్పిన ల్యాప్‌టాప్ మినహాయింపు దానికి వర్తిస్తుంది, మన గల్ఫ్ సోదరుల లెక్క మొత్తం మారిపోతుంది. ఈ ఒక్క కారణం చాలు, ఇవాళ ఎవరికీ బయానా ఇవ్వకుండా ఆగటానికి.

బయానా అన్న మాట వచ్చింది కనుక ఫిఖ్‌హ్ వైపు నుంచి ఒక విషయం. సరుకు ఇంకా చేతిలో లేకుండానే డబ్బు ముందుగా ఇచ్చే బేరం మన షరీఅత్‌లో పూర్తిగా మూసివేసిన తలుపు కాదు. బైఅ సలమ్ అనే ప్రకరణాన్ని మదరసా విద్యార్థులు చదువుతారు. ఖర్జూరం కాపుకు రాకముందే రైతుకు డబ్బిచ్చే వ్యవహారం నుంచి వచ్చిన విధానమది. అయితే షరతులున్నాయి: వస్తువు ఏ జాతిది, ఏ నాణ్యతది, ఎంత, ఏ తేదీకి, ఎక్కడ అప్పగిస్తారు అన్నవన్నీ బేరం కుదిరేటప్పుడే తేలిపోవాలి, ధర నిశ్చయంగా ఉండాలి. ఇప్పుడు ఆ దుకాణదారుని అడిగి చూడండి. జ్ఞాపకశక్తి ఎంత? 'వచ్చాక తెలుస్తుంది.' తేదీ? 'సంస్థ చెప్పాలి.' ధర? 'అప్పటి ధర.' మూడు ప్రశ్నలకూ జవాబు లేని చోట తీసుకున్న ఇరవై వేలు దేనికి ధర? వస్తువు రాకపోతే తిరిగి ఇస్తారా అన్నదానికి కాగితం కూడా ఉండదు. ఆ డబ్బు వేరే సరుకు మీద తిరుగుతుంటుంది. దుకాణాలు నడిపే సోదరులు నొచ్చుకోకూడదు. సంస్థ ధర ప్రకటించాక, రసీదు రాసి, తిరిగి ఇచ్చే షరతు చెప్పి బుకింగ్ తీసుకోవటాన్ని ఎవరూ తప్పుపట్టరు.

నా వయసువారికి ఇటువంటి యంత్రాల కథ కొత్త కాదు. ఉర్దూ నస్తలీఖ్‌ను ఒకప్పుడు కాతిబ్‌లు చేత్తో రాస్తేనే పత్రిక అచ్చయ్యేది. కాతిబ్ అయిన మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షర సంపుటులను రాసి, మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తలీఖ్‌ను తయారుచేశారు. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. దానిని నడిపిన లేజర్‌కాంప్ యంత్రం పెద్ద పత్రికలకే గానీ చిన్న ముద్రణాలయాలకు అందేది కాదు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. ఆ పని మామూలు కంప్యూటరు మీదికి దిగింది. పదమూడేళ్లు పట్టింది. ఇప్పుడు అంత కాలం పట్టదు. ఆ పదమూడేళ్లూ చేతిరాత నేర్చుకుంటూ, అక్షరం కొలతలు తెలిసినవారే తరువాత ఇన్‌పేజ్ మీద మంచి పని చేయగలిగారు. యంత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవారు కాదు.

అయితే పిల్లవాడి చదువు ఆగాలా అంటే, ఆగనక్కరలేదు. ఇక్కడ కాస్త వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మన ఇళ్లలో ఈ దారి తెలిసినవారు తక్కువ. ఇటువంటి యంత్రాన్ని సొంతం చేసుకోకుండా గంటల లెక్కన అద్దెకు వాడుకోవచ్చు. గూగుల్ కొలాబ్‌లో 16 గిగాబైట్ల టీ4 చిప్‌ను పరిమిత గంటలపాటు రుసుము లేకుండానే ఇస్తారు. మూడో సంవత్సరం విద్యార్థి చేసే అభ్యాసాలలో అధిక భాగానికి అది సరిపోతుంది. దానికి మించిన పని ఉంటే కేంద్ర ప్రభుత్వపు ఇండియా ఏఐ మిషన్ ఉంది. 2024 మార్చిలో సుమారు రూ.10,372 కోట్లతో దానికి ఆమోదం లభించింది. ఆ పథకం కింద 38,000కు పైగా జీపీయూలను సమకూర్చి, సగటున గంటకు రూ.65 రాయితీ ధరకు ఇస్తున్నట్టు ప్రభుత్వం చెబుతోంది. చిప్‌ను బట్టి రేటు మారుతుంది. విద్యార్థులు, పరిశోధకులు, అంకుర సంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ పనికి కావాలో రాసి ఇవ్వాలి. నాచుపల్లిలోనైనా సిరిసిల్లలోనైనా అధ్యాపకుని దగ్గరికి వెళ్లి, నలుగురు విద్యార్థులు ఒక ప్రాజెక్టుగా కలిసి అడగటం మేలు.

రూ.4,25,000ను 65తో భాగిస్తే 6,500 గంటల పైచిలుకు. రోజుకు నాలుగు గంటలు, సెలవు లేకుండా వాడినా దాదాపు నాలుగున్నర ఏళ్లు. ఆ లోపల పిల్లవాడి చదువు పూర్తవుతుంది, ఉద్యోగం కూడా రావచ్చు, ఇన్షా అల్లాహ్. ఆ పెట్టె మాత్రం అప్పటికి పాతదవుతుంది. ఆ నాలుగు లక్షలు ఒకేసారి వెళ్లవు, అవసరమైనప్పుడు వందల్లో వెళతాయి. పని నచ్చక పిల్లవాడు వేరే దారి పడితే అక్కడితో ఆగిపోతాయి.

సొంత యంత్రం ఎవరికి తగినదంటే, రోజంతా దాని మీద పని ఉన్నవారికి, ఆ పనికి డబ్బు చెల్లించే వినియోగదారుడు ఉన్నవారికి, లేదా రోగుల వివరాల వంటి బయటికి పంపకూడని సమాచారంతో పనిచేసేవారికి. కోరుట్ల పిల్లవాడిని పిలిపించి ఇదే అడిగాను: "బేటా, దీని మీద మొదటి నెలలో ఏం చేస్తావు?" కాసేపు ఆలోచించి, "నేర్చుకుంటాను" అన్నాడు. మంచి జవాబే. దానికి కొలాబ్ చాలు.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దని ఆ తల్లికి చెప్పి పంపాను. అతని పాత ల్యాప్‌టాప్‌లో 8 గిగాబైట్ల ర్యామ్ ఉంది, నాలుగు కిటికీలు తెరిస్తే మొరాయిస్తోంది. కృత్రిమ మేధ కేంద్రాలు జ్ఞాపకశక్తి చిప్‌లను పెద్ద మొత్తంలో ఎగరేసుకుపోవటంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు పెరిగాయి. ఇళ్లలో వాడే క్రూషియల్ ర్యామ్‌ను సరఫరా చేసిన మైక్రాన్ సంస్థ, 2026 ఫిబ్రవరి తరువాత ఆ పేరుతో సాధారణ వినియోగదారులకు అమ్మబోమని 2025 డిసెంబరు 3న ప్రకటించింది. ఇది వదంతి కాదు, సంస్థ స్వయంగా చెప్పిన మాట. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పించి ఖాళీ స్లాట్ ఉందో లేదో చూపించుకుని, ఉంటే ఈ నెలలోనే 16 గిగాబైట్లు చేయించమన్నాను. బిల్లు మీద వారంటీ రాయించుకోమని కూడా చెప్పాను.